ఒక్క గది చాలన్నారు

బల్త్సి ఊళ్లో ట్రాలీ బస్సు ముందు తలుపులోంచి అగాఫియా ఎక్కిందంటే వెనక తలుపులోంచి జనం దూకేవాళ్లు. టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం ఆమెది. ఇరవై ఏళ్లకు పైగా చేసింది. దొరికినవాళ్లు బతిమాలేవాళ్లు, తిట్టేవాళ్లు, ఏడ్చేవాళ్లు. ఒక పెద్దాయన కట్టుడు పళ్లు ఊడదీసి చేతిలో పెట్టి, జరిమానా కట్టేదాకా ఇవి నీ దగ్గరే ఉంచుకోమన్నాడు. ఆమె దేనికీ కరగలేదు. సొంత మేనత్త టికెట్ లేకుండా దొరికితే ఆవిడనూ దింపేసింది. ఆ మేనత్త పోయేదాకా ఈ సంగతి ఊరందరికీ చెప్పుకుని ఏడ్చింది.

ఇలాంటి మనిషిని ఎవరు ఇష్టపడతారు? ఎవరూ ఇష్టపడలేదు. ఆమెకూ ఆ బెంగ లేదు. ఆమెకు ఉన్న గర్వమల్లా ఒక్కటే. టికెట్ ఉన్నవాడి మీద ఎన్నడూ చెయ్యి వెయ్యలేదు. తాగి ఉన్నా, కంపు కొడుతున్నా, తననే తిడుతున్నా సరే, టికెట్ ఉంటే ఆ మనిషి జోలికి పోయేది కాదు. అన్నన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పు మనిషిని దింపలేదని ఆమె నమ్మకం. అది నిజమే కూడా.

ఉద్యోగం అయ్యాక ఆమె మా వాకిలికి పెద్ద అయింది. మా తొమ్మిదంతస్తుల భవనానికి నాలుగు వాకిళ్లు, ఒక్కో వాకిలికి వేరే మెట్లు, వేరే ఇళ్లు, వేరే పెద్ద. మెట్ల దగ్గర బల్బు మార్పించాలి, చెత్త గురించి తగాదాలు తీర్చాలి, బేస్‌మెంటు తాళంచెవి దగ్గర పెట్టుకోవాలి. పైసా రాదు, తిట్లు మాత్రం బోలెడు. ఎవరూ ముందుకు రాని పనికి అగాఫియా చెయ్యెత్తింది. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఆ తర్వాత చాలా ఏళ్లు దానికి చింతించారు.

ఆ జనవరిలో చలి అసలు మనుషుల కోసం పుట్టిన చలి కాదు. సున్నాకి కింద ఇరవై నాలుగు డిగ్రీలు. రెవుత్ నది అడుగుదాకా గడ్డకట్టింది. కాకులు చెట్ల మీంచి కొయ్యబారి ఊడిపడుతున్నాయి. ట్రాలీ బస్సుల తీగల మీద మంచు పేరుకుని బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. గ్యాసు సన్నగిల్లిందని టీవీలో చెప్పారు. ఆ మర్నాడే, గ్యాసుతో నీళ్లు కాచి ఇళ్లలోని రేడియేటర్లకు పంపే వేడినీళ్ల కంపెనీవాళ్లు ప్రతి వాకిలి తలుపుకీ ఒక నోటీసు అంటించారు. పౌరులారా, ఒక్క గది మాత్రం వెచ్చగా ఉంచుకోండి, మిగతా గదుల రేడియేటర్లు కట్టేయండి, అందరం సర్దుకుంటే అందరికీ వేడి అందుతుంది అని అందులో ఉంది.

ఇక్కడ మా వాళ్ల గుణం ఒకటి చెప్పాలి. మా దగ్గర వేడికి డబ్బు ఇంటి కొలతను బట్టి కట్టాలి. వాడినా అంతే, వాడకపోయినా అంతే. అందుకని రేడియేటర్ వాల్వు అనేదాన్ని పుట్టి బుద్ధెరిగి ఎవరూ ముట్టుకోలేదు. ఉక్కపోస్తే కిటికీ తెరుస్తారు. బయట మంచు కురుస్తుంటే లోపల బనీనుతో కూర్చుని ఆవిర్లన్నీ వీధిలోకి పంపడం మా వాళ్లకు జన్మహక్కు. రంగుల మీద రంగులు పడి ఆ వాల్వులు గోడలో కలిసిపోయి ఉంటాయి.

అలాంటి జనానికి పొదుపు చెయ్యండి అని నోటీసు అంటిస్తే ఏం చేస్తారు? రేపు కట్టేస్తారట, ఇవాళే కాచుకుందాం అనుకున్నారు. ఉన్న రేడియేటర్లు చాలవన్నట్టు గ్యాసు పొయ్యిల నాలుగు కళ్లూ వెలిగించారు. ఓవెన్ తలుపులు తెరిచిపెట్టారు. స్నానాల తొట్లలో వేడినీళ్లు నింపి మూతలు పెట్టారు. ఐదో అంతస్తు రైసా ఇంట్లో ఈ హడావుడికి ఉక్కపోసి, ఆ చలిలోనే కిటికీ బార్లా తెరిచారు.

అగాఫియాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోటీసు ఒకటి పీకి చేత్తో పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. రైసా తలుపు తీసేసరికి చేతులకు పిండి అంటుకుని ఉంది. లోపల ప్లాచింతా రొట్టెలు కాలుతున్న వాసన.

"కిటికీ ముయ్యి రైసా."

"ఉక్కగా ఉందక్కా."

"ఉక్కగా ఉంటే రేడియేటర్ కట్టు. చదువొచ్చుగా నీకు? ఒక్క గది చాలన్నారు."

"వాళ్లకి ఒక్క గది చాలునేమో. నాకు కోడలుంది, మనవడున్నాడు, మా ఆయనున్నాడు. అందర్నీ ఒక గదిలో కుక్కనా, బంగాళదుంపల్లాగా?"

"అందరూ నీలాగే అనుకుంటే రేపు ఎవరికీ ఉండదు."

"అందరూ నాలాగే అనుకుంటున్నారక్కా. నేనొక్కదాన్నే కట్టుకుంటే నా వేడి ఎవరింటికో పోతుంది. ఆ మాత్రం తెలీదా నాకు?" అని రైసా పిండి చేత్తోనే తలుపేసుకుంది.

మూడో అంతస్తులో త్రిఫాన్ అసలు తలుపే తియ్యలేదు. లోపలినుంచే అరిచాడు.

"టికెట్ ఉంది నా దగ్గర! పో!"

త్రిఫాన్‌కీ అగాఫియాకీ ఉప్పూ నిప్పూ. వైను కార్ఖానాలో పీపాలు కడిగి కడిగి రిటైరైన మనిషి. డెబ్భై దాటాయి, భార్య లేదు, నోటికి తాళం లేదు. వంటింట్లో మామూలు రేడియేటర్ తీసేసి దానికి రెండింతలున్నది పెట్టించుకున్నాడు. ప్రతి శరదృతువులో క్యాబేజీ ఊరబెట్టే పీపాలు కడగడానికి ఆ రేడియేటర్‌లోంచే బకెట్లకొద్దీ వేడినీళ్లు దించుకుంటాడు. అది దొంగతనమని అందరికీ తెలుసు. అగాఫియా నాలుగుసార్లు ఫిర్యాదు రాసింది. అతను నాలుగుసార్లూ మెట్ల మీద నిలబడి ఆమె ముందే ఆ నీళ్లతో చేతులు కడుక్కున్నాడు.

అందరినీ తిట్టి, అందరితో తిట్టించుకుని అగాఫియా తొమ్మిదో అంతస్తులో తన ఇంటికి చేరింది. చెప్పిన మాట తను చేసి చూపించాలి కదా. రెంచీ తెచ్చింది, రంగు పెచ్చులు రాలగొట్టింది, బలమంతా పెట్టి పడగ్గది రేడియేటర్ వాల్వు తిప్పి కట్టేసింది. పక్కింటి గొట్టంలోంచి వేడి అందే చిన్న గదిది మాత్రం తెరిచి ఉంచి, పరుపు అందులోకి లాక్కుంది. కింది ఇళ్లకు అలాంటి గది లేదు. ఈ వాకిలి మొత్తానికి మనిషన్నది నేనొక్కదాన్నే అనుకుంటూ దుప్పటి కప్పుకుంది. ఆ సంతోషంలో ఆమెకు ఇట్టే నిద్ర పట్టింది.

పొద్దున్నే మెట్లన్నీ గోల. అగాఫియా ఉన్న నిలువు వరసలో, అంటే ఒకే వేడినీళ్ల గొట్టం మీద, ఒకటి నుంచి తొమ్మిది దాకా అన్ని ఇళ్లలోనూ వంటిళ్లు, పడగ్గదులు మంచుగడ్డలయ్యాయి. రేడియేటర్లు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోంది. పక్క వరసల వాళ్లకు మాత్రం కాలిపోతోంది. వాళ్లు బనీన్లతో బయటికొచ్చి వినోదం చూస్తున్నారు.

"మన గొట్టాన్ని ఎవడో పీల్చేస్తున్నాడు" అన్నాడు ఎనిమిదో అంతస్తు కోస్త్యా. ట్యాక్సీ నడుపుతాడు, పులికి కూడా భయపడడు గానీ చలంటే మాత్రం ప్రాణం మీదికొస్తుంది.

ఆ మాట నోట్లోంచి వచ్చిందో లేదో అందరి కళ్లూ మూడో అంతస్తు వైపు తిరిగాయి. అందరికన్నా ముందు తిరిగినవి అగాఫియా కళ్లు. రెండింతల రేడియేటర్ ఎవరిది? నీళ్లు దించుకునేది ఎవరు? పొదుపు మాట వినగానే వేడంతా తొట్టిలోకి దించేసుకుని ఉంటాడు, గొట్టంలోకి గాలి దూరి ఉంటుంది. ఆమెకు ఇసుమంత అనుమానం కూడా లేదు.

మధ్యాహ్నం మెట్ల కింద ఉత్తరాల పెట్టెల దగ్గర సమావేశం పెట్టింది. మాట్లాడుతుంటే అందరి నోళ్లలోంచీ పొగలు. త్రిఫాన్ గొర్రెతోలు టోపీ పెట్టుకుని వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నిన్న నీళ్లు దించావా లేదా?" అని అడిగింది అగాఫియా.

"దించలేదు."

"పోయిన అక్టోబర్‌లో?"

"దించాను. క్యాబేజీ కోసం. అందులో నువ్వు కూడా ఒక గిన్నెడు పట్టుకెళ్లావు."

కొందరు నవ్వారు. అగాఫియా ముఖం కందగడ్డలా అయింది. గిన్నె సంగతి నిజమే, ఆ క్యాబేజీ బాగుంటుంది మరి.

"అక్టోబర్‌లో దించినవాడు జనవరిలో దించడని ఏంటి నమ్మకం? ఇరవై ఏళ్లు బస్సుల్లో నీలాంటివాళ్లని చూశాను త్రిఫాన్. టికెట్ లేనివాడి కళ్లు నాకు తెలుసు."

"నా ఇంట్లోనూ చల్లగానే ఉందే ముసలిదానా! నా వేడి నేనే దొంగిలించి నేనే వణుకుతానా?"

"తొట్టిలో దాచుకుని ఉంటాడు" అంది రైసా.

"ఆ రేడియేటర్ ఉన్నంతకాలం మనకీ పీడ తప్పదు" అన్నాడు కోస్త్యా. "కోసి పారేద్దాం. అక్కడ వట్టి గొట్టం అతికించేస్తే సరి."

అలా కోయొచ్చా, కోస్తే ఎవరి అనుమతి కావాలి అని ఒక్కరూ అడగలేదు. అగాఫియా కూడా అడగలేదు, జన్మంతా నియమాలు నియమాలు అన్న మనిషి. చేతులెత్తమంది. వరసలో అన్ని చేతులూ లేచాయి, త్రిఫాన్‌వి తప్ప. చలి లేని పక్క వరసల వాళ్లు కూడా, వచ్చాం కదా అని ఎత్తారు.

గొట్టాల పనిచేసే నికిఫోర్‌ని పిలిపించారు. అతను బేస్‌మెంటులో వరసను కట్టి, నీళ్లు దించేసి, పరికరాలు మోసుకుంటూ మూడో అంతస్తుకు ఎక్కాడు. అతని వెనక ఏడెనిమిది మంది. త్రిఫాన్ తలుపు బార్లా తీసి పక్కకు తప్పుకున్నాడు.

"రండి రండి! తీసుకెళ్లండి. గోడ కూడా తీసుకెళ్లండి. మీ అందరి సమాధులకీ పనికొస్తుంది."

నికిఫోర్ కోశాడు, ఆ చోట వట్టి గొట్టం అతికించాడు. ఆ రెండింతల రేడియేటర్‌ను ఇద్దరు మోసుకెళ్లి బేస్‌మెంటులో పడేశారు. పనిలో పనిగా పడగ్గదిలో ఉన్నదాన్ని కూడా కోసేయమన్నాడు కోస్త్యా, మళ్లీ దానిలోంచి దించుకుంటాడని. నికిఫోర్ అదీ కోసి గొట్టం అతికించాడు, అదీ బేస్‌మెంటుకు చేరింది. అగాఫియా బేస్‌మెంటుకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుంది.

ఆ తర్వాత నికిఫోర్ వరసలో నీళ్లు నింపి, పైన చేరిన గాలి వదలడానికి అగాఫియా ఇంటికి వచ్చాడు. పడగ్గదిలోకి వెళ్లి వంగి చూశాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"అక్కా, ఈ వాల్వు ఎవరు కట్టారు?"

"నేనే. ఇంకెవరు కడతారు? నోటీసు చూడలేదా నువ్వు?"

నికిఫోర్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "నీళ్లు అందరి వంటిళ్లలోంచీ ఎక్కుతాయి. ఇదిగో, నీ ఈ రేడియేటర్‌లోంచి దాటి అందరి పడగ్గదుల్లోంచీ దిగుతాయి. నువ్వు ఇక్కడ బిగించేస్తే అవి దాటేదెలా, దిగేదెలా?"

"పక్కన అడ్డగొట్టం ఉంటుందిగా. కట్టినా నీళ్లు దాన్లోంచి పోతాయి. అందరికీ ఉంటుంది."

"నీకూ ఉండేది. రంగులేయించినప్పుడు కర్టెన్‌కి అడ్డమొస్తోంది, చూడ్డానికి బాలేదు, పీకెయ్ అన్నావు. పీకేశాను."

"పీకితే ఇలా అవుతుందని చెప్పొద్దూ?"

"ఏం చెప్పను? ఈ ఊళ్లో వాల్వు కట్టే మనిషి ఒకతె ఉంటుందని నేను కలగన్నానా?"

అతను వాల్వు తిప్పాడు. గొట్టంలో గడగడమని చప్పుడైంది. అగాఫియా ఆ రేడియేటర్ మీద చెయ్యి పెట్టి నిలబడిపోయింది. అది మెల్లగా వేడెక్కింది.

"నేను నోరు విప్పనులే" అన్నాడు నికిఫోర్ పరికరాలు సర్దుకుంటూ. "విప్పితే నన్నూ తంతారు."

కింద మెట్ల మీద అప్పటికే కేకలు మొదలయ్యాయి. "వచ్చింది! వచ్చింది!" అందరికన్నా పైకి రైసా గొంతు వినిపిస్తోంది. "చూశారా, ఆ ముసలాడిది కోశామో లేదో ఎలా తన్నుకుంటూ వచ్చిందో! నేను చెప్పలా?" కోస్త్యా ఇంట్లోంచి వైను తెచ్చి మెట్ల మీదే అందరికీ పోశాడు. అగాఫియాకూ ఒక గ్లాసు పైకి పంపాడు.

ఆమె ఆ గ్లాసు ముట్టుకోలేదు. కుర్చీలో కూర్చుంది. ఊరంతా తనను అసహ్యించుకున్నా ఆమెకు ఎన్నడూ నొప్పి తెలియలేదు, ఎందుకంటే తప్పు ఎప్పుడూ అవతలివాళ్లదే. ఇప్పుడు టికెట్ చేతిలో ఉన్నవాణ్ని బస్సులోంచి తోసేసింది. అదీ తను టికెట్ తీసుకోకుండా. మాట్లాడకుండా ఊరుకుంటే ఈ జన్మకు ఎవరికీ తెలియదు. ఊరుకుందామనే ఆలోచన వచ్చింది కూడా. రాలేదని చెబితే అది అబద్ధమే అవుతుంది.

సాయంత్రం కాకముందే మూడో అంతస్తుకు దిగి తలుపు తట్టింది.

"ఎవరు?"

"అగాఫియా."

"ఇంకేం మిగిలింది? పొయ్యి కోసుకెళ్తావా?"

అతను ఓవర్‌కోటు మీద కంబళి చుట్టుకుని ఉన్నాడు. గ్యాసు పొయ్యి నాలుగు కళ్లూ మండుతున్నాయి, అయినా గదిలో మాట్లాడితే పొగ కనిపిస్తోంది. గోడ మీద రేడియేటర్ ఉండే చోట తెల్లటి చట్రం మిగిలింది. ఆమె నిలబడే ఉంది, అతను కూర్చోమనలేదు. జరిగింది జరిగినట్టు మొత్తం చెప్పింది. కర్టెన్ సంగతి కూడా దాచలేదు.

త్రిఫాన్ కంబళి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"ఇదంతా నాకెందుకు చెప్తున్నావు? నేను కాదని నాకు తెలుసుగా. వాళ్లకి చెప్పు."

"చెప్తాను."

"చెప్పు. చెప్పి నావి నాకు తగిలించు."

"తగిలించేదాకా మా ఇంటికి రా. చిన్న గది వెచ్చగా ఉంది."

"నీ గదిలో కూర్చునే బదులు బస్టాపులో పడుకుని చస్తాను. బయటికి నడు."

మర్నాడు పొద్దున్నే అగాఫియా మళ్లీ అందరినీ మెట్ల కిందకు పిలిచింది. త్రిఫాన్ రాలేదు. దగ్గు పట్టుకుందని అతని తలుపు ముందునుంచి వచ్చినవాళ్లు చెప్పారు. ఆమె చెప్పాల్సింది చెప్పింది. నికిఫోర్‌ని కూడా పక్కన నిలబెట్టి అవుననిపించింది. ఆమె తిట్లకు సిద్ధమై నిలబడింది. తిట్టి ఉంటే బాగుండేది.

"అయితే ఏమంటావక్కా?" అంది రైసా. "మేమందరం కలిసి తప్పు చేశామంటావా?"

"అవును. మొదటి తప్పు నాది. తర్వాతది అందరిదీ. మళ్లీ తగిలించాలి."

"తగిలించాలంటే మళ్లీ నీళ్లన్నీ దించాలి. పూటంతా చలి. ఈ చలికి గొట్టం పగిలిందనుకో, వసంతందాకా ఎవరికీ ఉండదు. వాడి కోసమా?"

"పోనీలే పిన్నీ" అన్నాడు కోస్త్యా. "నిన్న వాడు చెయ్యలేదు సరే. వాడు మాత్రం తక్కువ తిన్నాడా? ఇన్నేళ్లు పీపాలు కడుక్కోలేదా? ఆ లెక్కకి ఈ లెక్క సరిపోయింది. ఏప్రిల్‌లో తగిలిద్దాం."

"ఏప్రిల్‌లో తగిలించుకుని ఏం చేసుకుంటాడు?"

"నీకంత జాలిగా ఉంటే నీ దగ్గరికే తెచ్చుకో అక్కా" అని వెనకనుంచి ఎవరో అన్నారు. "ఇద్దరూ ఒంటికాయలే. కంపెనీవాళ్లు కూడా ఒక్క గది చాలన్నారుగా!"

మెట్లన్నీ నవ్వులు. ఉత్తరాల పెట్టెలు కూడా అదిరాయి. అగాఫియా ఆ నవ్వు అయ్యేదాకా ఆగి, త్రిఫాన్‌వి తగిలించడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమంది. ఆమె చెయ్యి ఒక్కటే గాలిలో ఉంది. కావాలనే ఇంకాసేపు అలాగే ఉంచింది. జనం ఆమెను తప్పుకుని మెట్లెక్కి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

ఆమె కూడా ఎక్కింది. ఇనుప తలుపుకు లోపల గడియ పెట్టి, రెంచీ తీసుకుని, పడగ్గది వాల్వు బిగించింది. ఈసారి ఏమవుతుందో తెలిసే బిగించింది. తర్వాత చిన్న గదిలోకి వెళ్లి అక్కడి వాల్వు కూడా కట్టేసింది. దాని పక్కన అడ్డగొట్టం ఉంది. అది కట్టినందువల్ల వేరే ఎవరికీ నష్టం లేదు, చలి ఆమెకొక్కతికే. ఓవర్‌కోటు తొడుక్కుని, తలకు శాలువా చుట్టుకుని, తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

గంట గడిచేసరికి తలుపు మీద దెబ్బలు పడ్డాయి.

"ముసలి రాక్షసీ! వాల్వు తియ్యి!"

"త్రిఫాన్ గోడకి ఏముందో చూసి రండి. అప్పుడు తీస్తాను."

"మా ఇంట్లో పసివాడున్నాడే! నీ కడుపున పుట్టినవాళ్లు లేకపోతే అందరి పిల్లల్నీ చంపుతావా?" అంది రైసా. అక్కా అనే పిలుపు పోయింది.

ఆ మాట అగాఫియాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. రైసా మనవడు నిజంగానే దగ్గుతున్నాడు, వంటింటి గొట్టాల వెంట ఆ దగ్గు పైదాకా వినిపిస్తోంది. ఆమె రెండుసార్లు లేచి రెంచీ పట్టుకుంది. రెండుసార్లూ కింద పెట్టేసింది. పక్క వరసల్లో వెచ్చటి ఇళ్లు ఇరవైకి పైగా ఉన్నాయి, పిల్లాణ్ని అక్కడికి తీసుకెళ్లొచ్చు కదా అని తనకు తను చెప్పుకుంది. మంచిపని చేసిందని నేనూ అనను. కానీ ఇంకో దారేదో చూపించిన మనిషి ఆ వాకిల్లో ఒక్కరూ లేరు.

కోస్త్యా గునపం తెచ్చాడు. ఆ తలుపు ఆమె రిటైరైన ఏడాది చేయించుకున్నది, తను జరిమానాలు వేసిన వాళ్లందరినీ మనసులో పెట్టుకుని చేయించుకున్నది. గునపం వంగింది గానీ తలుపు కదల్లేదు. పోలీసులకు ఫోన్ చేశారు, బస్సులే తిరగడం లేదు మేమెలా వస్తాం అన్నారు వాళ్లు. కడుపు మండి కంపెనీకే ఫోన్ చేసింది రైసా. మా వరసలో వేడి మొత్తం కట్టేశారండీ అని మొర పెట్టుకుంది.

"మొత్తం వరసా?" అందట అవతల ఆవిడ. "చాలా సంతోషం. ఇలా సహకరించే పౌరులే మాకు కావాలి. ధన్యవాదాలు." అని పెట్టేసిందట.

మర్నాటికి అందరి నోళ్లూ తగ్గాయి. రైసా మనవణ్ని పక్క వరసలో ఎవరింట్లోనో పెట్టారు. ప్లాచింతాలు చేసే చేతులు ఇప్పుడు చేతితొడుగుల్లో ఉన్నాయి. చలికి పళ్లు టకటకలాడుతుంటే తగవు కూడా సరిగ్గా ఆడలేరు మనుషులు. మధ్యాహ్నం పూట తొమ్మిదో అంతస్తు మెట్ల మీదికి గుంపుగా వచ్చారు.

"ఒప్పుకున్నాం" అన్నాడు కోస్త్యా. "తగిలిస్తాం. తియ్యి."

"నోటి మాట కాదు. చేతులెత్తండి."

తలుపుకున్న చిన్న అద్దంలోంచి ఆమె ఒక్కో చెయ్యినీ చూసుకుంది. లోపల ఆమె వేళ్లకు కూడా స్పర్శ లేదు. గడియ తియ్యడానికి చాలాసేపు పట్టింది. రేడియేటర్లు పైకి తెచ్చేదాకా అని బేస్‌మెంటు తాళంచెవి కోస్త్యా చేతిలో పెట్టింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు.

నికిఫోర్ వచ్చాడు. మోసుకెళ్లి పడేసిన ఇద్దరే ఆ రేడియేటర్లను మళ్లీ మూడో అంతస్తుకు మోశారు, మెట్టుకొక తిట్టు తిడుతూ. గొట్టం పగలలేదు. చీకటి పడేలోపు పని ముగించి, తొమ్మిదో అంతస్తులో వాల్వు విప్పి, దాని పక్కన ఒక అడ్డగొట్టం కూడా అతికించి వెళ్లాడు నికిఫోర్. ఇంక ఆమె కట్టినా విప్పినా ఎవరికీ ఏమీ కాదు. అలా అతికించమని ముందు చెప్పింది అగాఫియానే.

ఆదివారం మెట్ల కింద మళ్లీ సమావేశం జరిగింది. ఈసారి పిలిచింది రైసా. విషయం ఒక్కటే, వాకిలి పెద్దను మార్చడం. అందరినీ చలిలో చంపబోయిన మనిషి పెద్దగా ఉండకూడదంది. కాదన్నవాళ్లు లేరు. అగాఫియా కూడా కాదనలేదు. కానీ కొత్త పెద్ద వచ్చేదాకా చేతులు లెక్కపెట్టాల్సింది పాత పెద్దే. అందుకని ఆమే ముందుకొచ్చి, వేలు చూపిస్తూ లెక్క మొదలుపెట్టింది.

త్రిఫాన్ గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. దగ్గు పూర్తిగా తగ్గలేదు గానీ ముఖంలోకి రంగు వచ్చింది. ఇంట్లోంచి వచ్చినవాడు వచ్చినట్టే వట్టి చొక్కాతో, దాని చేతులు మోచేతులదాకా మడుచుకుని దిగాడు. ఓవర్‌కోటు లేకుండా అతన్ని చూడటం ఆ చలి మొదలయ్యాక అదే మొదటిసారి. ఆమెను తీసెయ్యాలన్న వాళ్లలో అతనూ చెయ్యెత్తాడు, భుజం దాకా.

అగాఫియా వేలు అతని దగ్గర ఆగింది.

"సరిగ్గా ఎత్తు త్రిఫాన్. సగం ఎత్తిన చెయ్యి లెక్కలోకి రాదు."

"ఎత్తుతానే. నిన్ను చూసి భయపడ్డాననుకున్నావా?"

అతను చెయ్యి పూర్తిగా పైకెత్తాడు. ఆమె ఆ చేతిని లెక్కలో కలుపుకుంది.

"పద్నాలుగు" అంది. "తీసెయ్యొద్దన్నవాళ్లు ఎవరూ లేరు."

బేస్‌మెంటు తాళంచెవి కొత్త పెద్ద రైసాకిచ్చి, లిఫ్టు పనిచెయ్యడం లేదు కాబట్టి మెట్లెక్కడం మొదలుపెట్టింది.